దిద్దాల్సింది జన్యువునా, కేస్‌షీటునా?

హయత్‌నగర్‌లో బస్సెక్కి ఎల్బీనగర్ వైపు వస్తుంటే సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులు వరసగా పలకరిస్తాయి. మొన్న వాటిని చూస్తూ పక్క సీటాయన అడిగాడు: "సార్, కడుపుల పడకముందే జీన్లు సరిచేస్తరంట గదా, మనకాడికి ఎప్పుడొస్తది?"

ఆ పని ఒకరు చేసేశారు. పిండదశలోనే క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో, హెచ్‌ఐవీ సోకకుండా సీసీఆర్5 జన్యువును మార్చానని, కవల ఆడపిల్లలు పుట్టారని 2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హే జియాంకుయ్ ప్రకటించాడు. తండ్రికి హెచ్‌ఐవీ ఉంది. అయితే వీర్యాన్ని శుద్ధిచేసి ఐవీఎఫ్ చేస్తే ఆయన నుంచి సోకే ముప్పు దాదాపు పోతుంది. ఆ శుద్ధి హే కూడా చేశాడు! ఇక కత్తెర దేనికి? పైగా మార్పు అన్ని కణాల్లో ఒకేలా జరగలేదని ఆయన చూపిన వివరాలే చెప్పాయి. 2019 డిసెంబరులో మూడేళ్ల జైలుశిక్ష పడింది.

మన కథ వేరు. ఉప్పల్ దాటాక హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియా సమాజాల జన్యువులపై ఒక పరిశోధన ప్రచురించాయి. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే మన వైశ్యుల్లో బ్యుటిరైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం మిగతావారికన్నా సుమారు 100 రెట్లు ఎక్కువని అందులో ప్రస్తావించారు. ఆ లోపంతో జీవితమంతా హాయిగా గడిపేయొచ్చు. ఆపరేషన్ బల్ల ఎక్కినప్పుడే చిక్కు. కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. వీళ్లలో గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటరే ఊపిరి. పరిష్కారం? ముందే ఒక రక్తపరీక్ష, కేస్‌షీటు మీద ఒక వాక్యం, మత్తు డాక్టరు చేతిలో వేరే మందు. దీన్ని కూడా "లోపం" జాబితాలో వేసి పిండంలో దిద్దేస్తామంటే నాకు నవ్వొస్తుంది.

తలసేమియా అనే రక్తవ్యాధి అంత తేలిక కాదు, ఒప్పుకుంటాను. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు 25 శాతం ముప్పు. అక్కడా పెళ్లికి ముందో, గర్భం రాగానేనో హెచ్‌బీఏ2 పరీక్ష, అవసరమైతే 11వ వారం తర్వాత మాయ నుంచి ముక్క తీసి పరీక్ష ఉన్నాయి. ఇక పుట్టాక చేసే చికిత్స సంగతికొస్తే, అలాంటిదే మరో రక్తవ్యాధి అయిన సికిల్‌సెల్ రోగి సొంత మూలకణాలను దిద్దే చికిత్సకు బ్రిటన్ 2023లో అనుమతిచ్చింది. ఆ మార్పు ఆ మనిషితోనే ఆగుతుంది. పిండంలో చేసిన తప్పు మాత్రం, అడగని మనవల దాకా నడుస్తుంది. మన దేశ మార్గదర్శకాలు 2019లోనే పిండంలో దిద్దడాన్ని వద్దన్నాయి.

ఇదంతా చెబుతుంటే ఆయన మరొకటి అడిగాడు: "కనీసం పిల్లగాడు పొడుగ్గా పుడితే చాలు సార్." ఎత్తుతో ముడిపడిన తేడాలు జన్యుపటంలో సుమారు 12,000 చోట్ల దొరికాయని మొదలుపెట్టాను. ఎల్బీనగర్ వచ్చేసింది.