ఇరకం దీవికి వెళ్తున్నారా? మీరెక్కే బోటే ఆ ఊరికి బస్సు.. కడప జిల్లా నుంచి ఎలా వెళ్లాలి, ఏం చూడాలి?

జమ్మలమడుగు వాళ్లకి గండికోట ఉంది. ప్రొద్దుటూరు వాళ్లకి మైలవరం డ్యామ్ దగ్గర. పులివెందుల వాళ్లు ఆదివారం బండి తీస్తే గండి క్షేత్రం వైపు వెళ్లిపోతారు. కొండ, లోయ, డ్యామ్.. మన జిల్లాలో అన్నీ ఉన్నాయి. లేనిదల్లా సముద్రమే. అందుకే ఫోన్‌లో లక్షద్వీప్, అండమాన్ రీల్ కనిపిస్తే చాలు, ఫ్రెండ్స్ గ్రూపులో పడిపోతుంది. 'ఎప్పుడు పోదాం?' అని ఒకరు అడుగుతారు. ఫ్లైట్ టికెట్ రేటు చూశాక గ్రూపంతా సైలెంట్! పైగా లక్షద్వీప్‌కి ఎంట్రీ పర్మిట్ కూడా తీసుకోవాలి.

కానీ ఫ్లైట్ ఎక్కకుండానే వెళ్లగలిగే దీవులు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. తిరుపతి జిల్లాలోని పులికాట్ సరస్సులో ఇరకం, వేనాడు.. ఆ సరస్సుకి, సముద్రానికి మధ్య శ్రీహరికోట. అక్కడ ఏం చూడొచ్చు, ఎలా వెళ్లాలి, బోటు ఎక్కే ముందు ఏం గమనించాలి.. ఒకసారి చూద్దాం.

పులికాట్ అంటే సముద్రమా? సరస్సా?

రెండూ కొంచెం కొంచెం. సముద్రపు ఉప్పునీరు, కాళంగి, ఆరణి లాంటి నదుల నుంచి వచ్చే మంచినీరు ఇక్కడ కలుస్తాయి. ఇలాంటి ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో పెద్దది ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, మిగతాది తమిళనాడులో ఉంది. తూర్పున బంగాళాఖాతానికి అడ్డుగోడలా నిలబడిన పొడవాటి ఇసుక దీవే శ్రీహరికోట. రాకెట్లు ఎగిరేది అక్కడి నుంచే.

సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఎండాకాలం వస్తే ఉత్తరం వైపు చాలా చోట్ల నీళ్లు ఇంకిపోయి నేల తేలుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఫొటోల్లో చూసిన నీళ్లు కనిపించకపోవచ్చు.

ఇరకంలో ఏముంది?

రిసార్టులు, వాటర్ స్పోర్ట్స్ అనుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఇరకం ఒక ఊరు. తడ మండలంలో ఉంది. చుట్టూ నీళ్లు. భీములవారిపాళెం రేవు నుంచి బోటులో వెళ్లాలి. అక్కడి వాళ్లకి చేపల వేటే ప్రధాన బతుకుదెరువు. రొయ్యలు, పీతలు, చేపలు ఈ సరస్సు పంట. తమిళనాడు సరిహద్దు కాబట్టి ఒకే మాటలో తెలుగు, తమిళం రెండూ కలిసి వినిపించినా ఆశ్చర్యపోకండి.

2025 జనవరిలో మూడు రోజులు జరిగిన ఫ్లెమింగో ఫెస్టివల్‌కి ఇరకం కూడా ఒక వేదిక. అప్పటి నుంచి ఈ పేరు సోషల్ మీడియాలో ఎక్కువగా వినిపిస్తోంది.

ఇక్కడి వేటలో ఒక పద్ధతి తెలుసుకోవాలి. సరస్సుకి తమిళనాడు వైపున్న మత్స్యకార గ్రామాల్లో 'పాడు' అనే పాత సంప్రదాయం ఉంది. ఎవరు ఎక్కడ, ఎప్పుడు వల వేయాలో చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. మన ఊళ్లలో చెరువు నీళ్లకి రైతులు వంతులు పెట్టుకోవడం గుర్తొస్తోందా? దాదాపు అలాంటిదే. అందరికీ సరిపోనిది పంచుకోవడానికి పెద్దవాళ్లు పెట్టిన లెక్క అది.

వేనాడు దర్గా, శ్రీహరికోట

కడప పెద్దదర్గా ఉరుసు చూసినవాళ్లకి వేనాడు కొత్తగా అనిపించదు. ఈ దీవిలోని దర్గాలో ఏటా గంధోత్సవం జరుగుతుంది. రెండు రాష్ట్రాల నుంచి, అన్ని మతాల వాళ్లూ వస్తారు.

శ్రీహరికోటలోకి మాత్రం మన ఇష్టమొచ్చినట్టు వెళ్లడానికి లేదు. సతీష్ ధవన్ స్పేస్ సెంటర్ ఉండటంతో సెక్యూరిటీ టైట్‌గా ఉంటుంది. రాకెట్ ప్రయోగం చూడాలంటే లాంచ్ వ్యూ గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. రాకెట్ కేంద్రం రాకముందు నుంచే ఈ దీవి అడవుల్లో యానాదులు తరతరాలుగా బతికారన్న సంగతి చాలామందికి తెలియదు.

పక్షులు చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు బెస్ట్. సరస్సు మధ్యలోంచే వెళ్తుంది. సీజన్‌లో రెండు పక్కలా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. అవి గూళ్లు పెట్టే నీటి చెట్ల పేరేంటో తెలుసా? కడప చెట్లు! పేరు ఒకటే గానీ మన జిల్లాతో సంబంధం లేదు లెండి.

బోటు ఎక్కే ముందు ఇది చదవండి

'మీటరు లోతే కదా, ఏమవుతుంది?' అనుకోవద్దు. సగటు వేరు, బోటు కింద ఉన్న లోతు వేరు. 2011 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, ఇదే పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు బోటు బోల్తా పడి 22 మంది చనిపోయారు. సరదాగా పిక్నిక్‌కి వచ్చిన కుటుంబాలవి.

మన రాష్ట్రంలోనూ అదే కథ. 2017 నవంబర్ 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగింది. గండికోటలో బోటింగ్ చేసినా, ఇరకం వెళ్లినా ఈ జాగ్రత్తలు ఒకటే:

- లైఫ్ జాకెట్ లేని బోటు ఎక్కొద్దు. చేతిలో పట్టుకుంటే సరిపోదు, బెల్టు బిగించి కట్టుకోవాలి. పిల్లలకి పిల్లల సైజుదే అడగండి.
- ఎంతమంది ఎక్కొచ్చో అడగండి. అంతకు మించి ఎక్కిస్తుంటే దిగిపోండి. 'ఇంకొక్కరే కదా' అన్న మాట నమ్మొద్దు.
- సెల్ఫీ కోసం అందరూ ఒకే పక్కకి రావొద్దు. బోటు ఒరిగేది అప్పుడే.
- వాయుగుండం, తుపాను హెచ్చరిక ఉంటే టూర్ వాయిదా వేసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరంలో అవి మామూలే.
- తిరుగు బోటు టైమ్ ముందే కనుక్కోండి. చీకటి పడ్డాక నీళ్ల మీద ప్రయాణం వద్దు.

ఆ బోటు మనకు టూర్.. వాళ్లకి దారి

ఇంకో విషయం. మనం గంటసేపు ఎంజాయ్ చేసే బోటే ఆ ఊరికి బస్సు, ఆటో. సరుకులు దాంట్లోనే రావాలి. జ్వరమొచ్చిన పిల్లాడైనా, నెలలు నిండిన ఆడపిల్లయినా ముందు నీళ్లు దాటితేనే ఆస్పత్రి. రష్ ఉన్న రోజు ఊరివాళ్లని ముందు ఎక్కనివ్వండి.

సరస్సు కూడా కష్టాల్లోనే ఉంది. సముద్రపు నీళ్లు లోపలికి రావాల్సిన రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడం ఎప్పటినుంచో ఉన్న సమస్య. నీళ్లు కదలకపోతే చేప పెరగదు. చేప లేకపోతే వేటగాడికి కూలి లేదు, పక్షికి తిండి లేదు. ఇలాంటి చోట మనం పారేసే ప్లాస్టిక్ బాటిల్, చిప్స్ కవర్ ఎక్కడికీ కొట్టుకుపోవు. అక్కడే వలలో తగులుతాయి. తీసుకెళ్లిన చెత్త తిరిగి తెచ్చేయండి.

పక్షులు ఎగిరితే వీడియో బాగొస్తుందని రాళ్లు వేయడం, హారన్ కొట్టడం వద్దు. మేత మానేసి ఎగిరినప్పుడల్లా వాటి శక్తి వృథా అవుతుంది. డ్రోన్ అయితే ఇంట్లోనే పెట్టి వెళ్లండి. స్పేస్ సెంటర్ చుట్టుపక్కల ఎగరేస్తే చిక్కుల్లో పడతారు. ఇళ్ల ముందు వలలు బాగుచేసుకునే వాళ్లని అడిగాకే ఫొటో తీయండి. మన ఇంటి ముందుకొచ్చి ఎవరో కెమెరా పెడితే మనం ఊరుకుంటామా?

కడప జిల్లా నుంచి ఎలా వెళ్లాలి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఎక్కడి నుంచైనా ముందు తిరుపతి చేరుకోవాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లకి కడప, రాజంపేట దారి. పులివెందుల వాళ్లు రాయచోటి మీదుగానూ రావచ్చు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట. ఇరకం వెళ్లాలంటే చెన్నై హైవే మీద ఇంకొంచెం ముందుకెళ్తే తడ వస్తుంది. అక్కడి నుంచి భీములవారిపాళెం.

పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావడం కుదరని పని. ఒక రాత్రి తిరుపతిలోనో, సూళ్లూరుపేటలోనో ఉండి తెల్లవారగానే బయల్దేరితే పక్షులూ కనిపిస్తాయి, ఎండా తగలదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి సీజన్. దీవిలో హోటళ్లు ఉంటాయన్న ధీమా వద్దు. తాగే నీళ్లు, టిఫిన్, మందులు వెంట పెట్టుకోండి. రేవులో బోట్లు తిరుగుతున్నాయో లేదో అక్కడి టూరిజం సిబ్బందికి ముందురోజే ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతే బండి తీయండి.