ఊరి రోడ్డునకు పైపూత



వరికోతలు ముగిసి, కుప్పలు నూర్చి, నేల బాగుగా ఎండిన తరువాత కొన్ని ఊళ్లకు రోడ్డుపనివారు వత్తురు. తారు పీపాలు, సన్నకంకర కుప్పలు, రోలరు ఊరిబయట చేరును. ఆ సాయంకాలము రచ్చబండ కడ ఒక మాట తప్పక పుట్టును: “మన రోడ్డునకేమి వచ్చినది? నున్నగానే యున్నదే! పొరుగూరి రోడ్డు గోతులమయమై బండి పోవుటకు వీలులేక యున్నది. దానిని విడిచి, బాగున్నదానికి తారు పోయుట ఏమి న్యాయము?” ఈ మాటలో దయ ఉన్నది, న్యాయబుద్ధియు ఉన్నది. అయినను రోడ్ల విషయమున ఈ న్యాయము రెండూళ్లనును నష్టపరచును. ఎట్లు నష్టపరచునో చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

రోడ్డు అనగా మన కంటికి కనబడునది పైనున్న నల్లని పొర. బరువు మోయునది ఆ పొరయే యని చాలమంది తలంపు. అది సరికాదు. మన గ్రామములకు వేయు తారురోడ్లలో అనేకములకు అడుగున రోలరుతో అణచిన మట్టికట్ట, దానిపై గ్రావెలు పరుపు, దానిపై రెండు వరుసలుగా పెద్దకంకర పరుపు ఉండును. కంకర వరుస ఒక్కొక్కటి అణచిన పిమ్మట 75 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళములు. వీటన్నిటిపైనను నల్లని పొర 20 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంచుమించు బొటనవ్రేలి వెడల్పు. లారీ బరువును మోయునది క్రింది కంకరయు, గ్రావెలును, కడపట నేలయును. పై పొర చేయవలసిన పని చక్రముల రాపిడిని తాను సహించుట, వాననీటిని లోనికి పోనీయకుండుట. మట్టిగోడల ఇంటికి తాటాకు కప్పు ఎట్టిదో, రోడ్డునకు ఈ పొర అట్టిది. దూలమును మోయునది గోడ. గోడను కాపాడునది కప్పు. తాటాకు ఇండ్లున్న దినములలో గోడ కూలిన తరువాత ఆకు మార్చుకొందమని కూర్చున్నవాడు మన ఊళ్లలో ఎవ్వడును లేడు. వాన రాకముందే, ఇల్లు ఇంకను కారకముందే, కప్పు వేయించుకొనుచుండెడివారు.

నీటికిని రోడ్డునకును గల ఈ వైరమును గట్టిగా చెప్పినవాడు స్కాట్లండు దేశస్థుడగు జాన్ లౌడన్ మకాడం. ఈయన 1756లో జన్మించి 1836లో మరణించెను. 1816లో ఇంగ్లండునందలి బ్రిస్టలు ప్రాంతపు రోడ్లకు సర్వేయరుగా నియమింపబడెను. ఆ కాలమున రోడ్డు చెడినప్పుడెల్ల పెద్దరాళ్లును మట్టియు తెచ్చి పైన కుమ్మరించుట వాడుక. మకాడం చెప్పినది వేరు. బండ్ల బరువును నిజముగా మోయునది నేల. ఆ నేల పొడిగా ఉన్నంతవరకు మోయును, తడిసిన నాడు మోయజాలదు. కావున చిన్నకంకరను దట్టముగా పరచి నీరు దిగకుండ చేయుడనెను. నేటికిని ఇంజనీర్లు కంకర పరుపును ఆయన పేరిటనే మకాడమని పిలుచుచున్నారు.

మోటారుబండ్లు వచ్చిన పిమ్మట వాని రబ్బరు చక్రములు కంకర సందులలోని పొడిని పీల్చి లేపుటచే ఆ రోడ్లు విప్పుకొనిపోసాగినవి, ధూళియు దుర్భరమయ్యెను. 1902లో మొనాకోలో గుగ్లియెల్మినెట్టి అను వైద్యుడు ఆ ధూళిని అణచుటకై రోడ్డుమీద తారు పూయించెను. ఇట్టి పనికి ముందు నడిచినవారిలో ఒక వైద్యుడుండుట నాకు ముచ్చటగా తోచును. మనము నేడు తారు అనునది ఆనాటి బొగ్గుతారు కాదు. పెట్రోలియమును శుద్ధిచేయగా మిగులు బిటుమెను. వాడుకమాట గనుక నేనును తారు అనియే చెప్పెదను.

ఈ తారునకు ఆయుర్దాయము కలదు. క్రొత్తగా వేసిన నాడు అది మెత్తనిది, జిగురుగలది. కంకరను గట్టిగా పట్టుకొనియుండును. ఎండయు గాలియు సోకి సోకి క్రమముగా దాని జిగురు చచ్చి పెళుసగును. మా ఊరికి బండ్లు తక్కువ, మా రోడ్డు అరుగదు అని కొందరు ధైర్యము చెప్పుకొందురు. ఎండకు బండ్ల లెక్క లేదు. ఒక్క చక్రమును తిరుగని రోడ్డుమీద కూడ తారు ముదురును. నిగనిగలాడు నలుపు పోయి బూడిదరంగు తిరుగుట మొదటి గుర్తు. పిమ్మట అంచులలో సన్నరాళ్లు ఊడి, చెప్పులక్రింద గలగలలాడును. ఆ పిమ్మట వెండ్రుకవంటి బీటలు పుట్టును. ఇవి ఎండలో కంటికి ఆనవు. వాన వెలిసిన గంటకు రోడ్డుమీదికి వెళ్లి చూడుడు: తక్కిన రోడ్డంతయు ఆరి తెల్లబడియుండగా బీటల వెంబడి మాత్రము తడిగీతలు నిలిచియుండును. ఆ గీతలు నీరు లోనికి దిగిన దారులు.

లోనికి దిగిన నీరు ఊరక యుండదు. కంకర సందులలో నిలిచి, క్రింది మన్నును మెత్తపరచును. పైనుండి చక్రము అదిమినప్పుడు ఆ నీరు మన్నును కలుపుకొని బీటలోనుండి పైకి చిమ్మును. తారుమీద ఎఱ్ఱని లేక నల్లని బురదమరక కనబడినచో లోపలి మన్ను బయటికి వచ్చుచున్నదని తెలిసికొనవలెను. నల్లరేగడి భూములలో ఇది మరింత కీడు. ఆ నేల తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలిచ్చును; రోడ్డుక్రింద ఉన్నదని దాని గుణము మారదు. ఇట్లు మెత్తబడిన రోడ్డుమీదికి ఇసుక లారీ మితిమీరిన బరువుతో వచ్చినచో ఏమగును? 1958 మొదలు 1960 వరకు అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున ఒట్టావా పట్టణము కడ ప్రత్యేకముగా రోడ్లు వేసి, వానిపై లారీలను రేయింబవళ్లు త్రిప్పి పరీక్షించిరి. ఇరుసు బరువు రెట్టింపైనచో రోడ్డునకు కలుగు నష్టము రెట్టింపు గాక సుమారు పదునారు రెట్లగునని ఆ పరీక్షవలన తేలినది. కావుననే తారురోడ్డు కొన్నియేండ్లు చెక్కుచెదరనట్లుండి, పిమ్మట ఒకటిరెండు వానాకాలములలోనే గోతులపాలగును. నిన్నటిదాక బాగుండెనే యని మనము ఆశ్చర్యపడుదుము. అది నిన్న చెడినది కాదు.

పైపూత వేయవలసిన అదను, రోడ్డు బూడిదరంగు తిరిగి, గోతులు పడకముందు నడుమనుండు ఆ కొద్దికాలము. బండ్ల రాకపోకలు తక్కువగా గల ఊరిరోడ్డునకు ఇది వేసిన అయిదారేండ్లకు వచ్చుట కద్దు. నేలను, వానను బట్టి కొంచెము ముందు వెనుకలు కావచ్చును. ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. 2000వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనవలన మన పల్లెలకు వేలకొలది రోడ్లు వచ్చినవి. ఆ పథకమున రోడ్డు వేసిన కంట్రాక్టరు అయిదేండ్లపాటు దానిని కాపాడవలసియుండును. అయిదేండ్లు నిండిన నాడు అతని పూచీ తీరును. సరిగా ఆ వేళకే పైపూతకు అదను వచ్చును. ఆ మీదటి భారము రాష్ట్ర ప్రభుత్వమునది. కాగితముమీద ఎడము లేదు గాని, పనిలో మాత్రము ఒకటి రెండేండ్లు ఎవరును పలుకని కాలముగా గడచిపోవుట కలదు. రోడ్డునకు ప్రాణగండము ఆ ఏండ్లలోనే. గ్రామసభలో పెద్దలు లేచి, “మా రోడ్డు ఏ సంవత్సరమున వేసినది? పూచీ ఎప్పుడు తీరినది? మరల పూత ఎప్పుడు?” అని అడుగవలసినది అప్పుడే. రోడ్డు మొదట నాటిన పలకమీద ఆ సంవత్సరము వ్రాసియుండును. పలక పడిపోకముందే పంచాయతీ పుస్తకములో ఎక్కించుకొనుడు.

ఇక ఖర్చుమాట. రూపాయల ధర ఏటేట మారును గనుక రాతి లెక్క చెప్పెదను. 3.75 మీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు పొడవు గల రోడ్డు తీసికొందము. దానిపై 20 మిల్లీమీటర్ల పొర వేయుటకు అణచిన కొలతలో 75 ఘనపు మీటర్ల కంకర చాలును. నూరు ఘనపుటడుగుల ట్రాక్టరు తొట్టితో తోలినచో 26 లేక 27 తొట్లు. అదే రోడ్డు లోపలికి చెడి, రెండు వరుసల పెద్దకంకరను మరల వేయవలసివచ్చినచో 562 ఘనపు మీటర్లకు పైగా కావలెను. అది సుమారు 199 తొట్లు. అంతటితో తీరునా? దానిమీద ఈ పై పొరకు మరల ఆ 26 తొట్లును కావలెను. గ్రావెలు, త్రవ్వకపు కూలి, పని జరుగునన్నినాళ్లు చుట్టుదారి కష్టము ఈ లెక్కలో చేర్చలేదు. ఒక రోడ్డును చెడిపోనిచ్చి తిరిగి కట్టు రాతితో ఎనిమిది రోడ్లకు పూత వేయవచ్చునన్నమాట.

అయితే పైపూత సర్వరోగములకును మందు కాదు. నల్లని పొర మొసలిచర్మమువలె చిన్న చిన్న పలకలుగా బీటలువారియున్నచోట, చక్రపు గాడి వెంబడి రోడ్డు క్రుంగియున్నచోట, క్రింది పరుపు చెడిపోయినదని అర్థము. అట్టిదానిపై క్రొత్త తారు పూయుట కుళ్లిన దూలమునకు రంగు వేయుటవంటిది. మరుసటి వానాకాలమున మరల అదే బీట పైకి వచ్చును. ఆ భాగమును చతురముగా త్రవ్వి, మంచి కంకరతో నింపి అణచిన పిమ్మటనే పూత వేయవలెను. ఈ మాట పనివారికి తెలియనిది కాదు. కాని చూచువారు లేనిచోట తొందరలో మరచిపోవుదురు.

పని జరుగునప్పుడు మీరు చూడదగినవి కొన్ని కలవు. నేలయు కంకరయు పొడిగా ఉండవలెను. మబ్బు పట్టిన దినమునను, ఉదయపు మంచు ఆరకముందును తారు పోయరాదు. పాత రోడ్డును బ్రష్షులతోను చీపుళ్లతోను దుమ్ము లేకుండ ఊడ్వవలెను. దుమ్ముమీద పోసిన తారు దుమ్మునే పట్టుకొనును గాని రోడ్డును పట్టుకొనదు. తారు వేడిగా ఉండగానే కంకర పడవలెను, కంకర పడిన వెంటనే రోలరు తిరుగవలెను. ఇరువది మిల్లీమీటర్ల పొర వేసినచో దాని సందులు మూయుటకు మీద సీల్ కోటు తప్పక వేయించుడు. ఆ పొర సందులు గలది. సీల్ కోటు లేనిచో నీరు దిగును, నీరు దిగినచో వేసిన ఫలమేమి?

పూత పూర్తియైన వెంటనే బండ్లు మరలిపోవును. అప్పుడు రోడ్డు ఇరువైపుల మట్టి అంచులను చూడుడు. రోడ్డు వ్రేలెడు ఎత్తు పెరిగినది, అంచు పెరుగలేదు. అంచున మట్టి పోసి అణచనిచో తారు కొన విరిగిపోవును. మట్టి మరీ ఎత్తైనచో రోడ్డుమీది నీరు ప్రక్కకు దిగక నిలిచిపోవును. పన్నెండడుగుల రోడ్డునకు నడుమ అంచులకంటె రెండంగుళముల ఎత్తు ఉండవలెనను నియమము నీరు పోవుటకే గదా.

చేదైన మాట ఒకటి చెప్పక తప్పదు. రోడ్డును చెరచుటలో ఎండవానలకు మనమును తోడగుచున్నాము. దమ్ము చేయు ఇనుపచక్రములను విప్పకయే ట్రాక్టరును ఒక చేనినుండి మరియొక చేనికి తారుమీద తోలినచో, ఆ పండ్లు పడినచోటనెల్ల పై పొర చిల్లులు పడును. బోరునీటి గొట్టము దాటించుటకై రాత్రివేళ రోడ్డును అడ్డముగా కోసి, ఉదయమునకు మట్టితో పూడ్చుట ఎన్ని ఊళ్లలో లేదు? ఆ కోతయే మొదటి గోయి. చేనివారు ఏటికొక చాలు చొప్పున రోడ్డు ప్రక్క కాలువను దున్నుకొనివచ్చి, కడకు కాలువయే లేకుండ చేయుదురు. ఇంటి వాడుకనీటిని రోడ్డుమీదికి వదలువారి సంగతి చెప్పనక్కరలేదు. ఇవి ఇంజనీరు వచ్చి మాన్పగలవి కావు. అన్నదమ్ముల గట్టుతగవులు తీర్చిన పెద్దలు చెప్పినచో మాత్రము వినుదురు.

పొరుగూరివారి మాట మిగిలియున్నది. వారి బాధ నిజమైనది. నెలలు నిండిన ఆడుబిడ్డను 108 బండిలో ఆసుపత్రికి చేర్చవలసిన రాత్రి, వారికి ఈ లెక్కలన్నియు చెప్పి ఓదార్చుట ఎవరికిని శక్యము కాదు. అట్టి రోడ్డునకు గోతులు పూడ్చి, నీటికి ప్రక్కదారి తీసి, బండి నడచునట్లు ఈ యేడే చేయవలెను. అడుగునుండి కట్టుటకు వేరుగా నిధి అడుగవలెను, అందుకు రెండూళ్లవారును కలసి పోవలెను. మన రోడ్డు పూతకు వచ్చిన తారును అక్కడికి మరలించినచో, చెడిన పరుపుమీద అది ఒక్క వానకు లేచిపోవును; ఇక్కడ పూత పడని రోడ్డు మూడేండ్లలో దాని వరుసకు చేరును. ఈ సంగతి రచ్చబండ కడ ఎవరైనను ఆక్షేపించిన నాడు, వాన వెలిసిన గంటకు వారిని వెంటబెట్టుకొని మీ రోడ్డుమీదికి పోయి ఆ తడిగీతలను చూపుడు.

సెలవు.