పునాది ఇస్తే ఇల్లు లేస్తుంది

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరకే అనలేదు. పెండ్లి ఖర్చు ఎంత పెద్దదైనా ఒకసారితో తీరిపోతుంది. ఇంటి ఖర్చు అలాగాదు. గోడలు లేచిన నాడు కప్పుకు డబ్బు చాలదు. కప్పు పడిన నాడు తలుపులకు చాలదు. అందుచేత సామాన్య గృహస్థు ఇంటిని ఒక్కసారిగా కట్టడు. ముందొక గది, దాని వెనుక వంటిల్లు, పెద్దవాడికి ఉద్యోగం వచ్చాక వసారా, కోడలు కాపురానికి వచ్చేముందు మేడమీద మరొక గది. తరాల క్రిందట పొరుగు ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన మన కుటుంబాల వారికి యీ క్రమం ఒకరు చెప్పవలసినది గాదు.

కాని నగరాలలో బీదలకు ఇండ్లు కట్టే సంస్థలు చాలాకాలం దీనిని లెక్కలోకి తీసుకోలేదు. ఒకే అచ్చులో పోసినట్లు పెట్టెల వంటి గదులు వరుసగా కట్టి తాళంచెవి చేతికిచ్చేవారు. ఇంకొక గది వేసుకుందామంటే చోటుండదు. కుట్టుమిషను పెట్టుకుందామంటే అరుగుండదు. పైగా ఇల్లంతా కట్టి ఇవ్వడానికి ఖర్చెక్కువ గనుక అవి కొద్దిమందికే దక్కేవి. దీనికి భిన్నమైన దారి ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఇండోరు నగరం తొక్కింది. అక్కడ వెలసిన పేట పేరు అరణ్య.

ఆ పేటకు రూపకల్పన చేసినది అహమ్మదాబాదులోని వాస్తుశిల్ప ఫౌండేషన్. దానిని స్థాపించిన బాలకృష్ణ దోషి 1927లో పూనాలో, ఫర్నిచరు వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టారు. పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేసి, ఆయన కట్టడాలను చూసుకొనేందుకు అహమ్మదాబాదు వచ్చి, అక్కడే నిలిచిపోయారు. మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల నివాసాలకు నమూనా గీసినవారు కూడా వారే.

ఇల్లు పెరుగుతుందన్న సంగతిని దోషిగారు అరణ్యకు ముందే పట్టుకున్నారు. 1973లో అహమ్మదాబాదులో జీవిత బీమా సంస్థకు కట్టిన ఇండ్లలో క్రింది అంతస్తున పెద్ద ఇల్లు, దానిపైన కొంచెం చిన్నది, అన్నిటికంటె పైన అతి చిన్నది పెట్టారు. మెట్లు మెట్లుగా వెనక్కు జరిగిన ఆ వరుసలో ఖాళీ డాబా మిగులుతుంది. కుటుంబం పెరిగినకొద్దీ దానిమీద గది వేసుకోవచ్చు. అక్కడి కాపురస్థులు అలాగే వేసుకున్నారు కూడా.

ఇక అరణ్య సంగతి. ఇండోరు అప్పట్లో బట్టల మిల్లుల ఊరు. పని వెతుక్కుంటూ వచ్చినవారు దొరికిన చోటల్లా గుడిసెలు వేసుకొన్నారు. 1983లో అక్కడి అభివృద్ధి సంస్థ సుమారు 85 హెక్టార్లలో, అంటే 210 ఎకరాలలో, అరవైవేల మందికి వసతి కల్పించ సంకల్పించింది. దోషిగారి బృందం ముందు గుడిసెల పేటలను పరిశీలించింది. ఆ రోజులలోనే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారూ, వాస్తుశిల్ప వారూ కలిసి ఇండోరు పేటలలో చెట్టునీడ ఎందుకు ఉపయోగిస్తున్నదో, చిల్లరకొట్టు ఎక్కడ వెలుస్తున్నదో, వాకిట్లో ఏ పనులు జరుగుతున్నవో కొలతలతో సహా వ్రాసి పెట్టారు. బీదవాని ఇంట్లో సగం బ్రతుకు గడప బయటనే గడుస్తుందని అందులో తేలింది.

అందుకనే ప్రణాళికలో అరుగుకూ సందుకూ చోటు దొరికింది. పేటను ఆరు భాగాలు చేసి, నడుమ బజారు వెన్నెముక వలె సాగేట్లు గీశారు. పదేసి ఇండ్లు ఒక జట్టు. ముందు వీధి, వెనుక పెరడు. ఇరవై ఇండ్లకు ఒక సెప్టిక్ ట్యాంకు. నీరు, విద్యుత్తు అంతటా ఏర్పాటు. అతి చిన్న స్థలం 35 చదరపు మీటర్లు, అంటే సుమారు 42 గజాలు. ఎక్కువమంది స్థలం మాత్రమే కొనుక్కున్నారు. అతి బీదలకు స్థలంతోబాటు కాంక్రీటు అరుగు, మరుగుదొడ్డి, నీటి వసతి, ఒక గది ఇచ్చారు. మిగిలిన ఇల్లు వారి ఇష్టం, వారి ఓపిక. ఇటుకయినా సరే, రాయయినా సరే. ఎలా కట్టుకోవచ్చునో చూపడానికి దోషిగారు 80 నమూనా ఇండ్లు కట్టించారు.

డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. పేట అంచులలోను, బజారు వెంబడి ఉన్న స్థలాలను కలిగినవారికి, వ్యాపారులకు అమ్మి, ఆ లాభంతో బీదల స్థలాల భారం తగ్గించారు. బీదల మొదటి చెల్లింపు వారి రాబడిని బట్టి నిర్ణయించారు. తక్కినది నెలనెలా వాయిదాలు. ఇలా కలిగినవారూ లేనివారూ ఒకే పేటలో ఇరుగుపొరుగు అయినారు.

1995లో దీనికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది. దోషిగారికి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. అది పొందిన మొదటి భారతీయులు వారే. 2023లో కాలధర్మం చెందారు.

అయితే అంతా అనుకున్నట్లే జరిగిందని చెప్పడానికి లేదు. స్థలం విలువ పెరిగేసరికి బీదలలో కొందరు అమ్ముకొని వెళ్లిపోయారు. వారి చోట మధ్యతరగతి వారు చేరారు. నమూనా ఇండ్లూ ఆనవాలు పట్టరానంతగా మారినవి. ఇండ్లు మారడం లోపం కాదు, అవి మారడానికే పుట్టినవి. కాని కాపురస్థుడే వెళ్లిపోవడం లోపమే. చేతికి వచ్చిన స్థలాన్ని నిలబెట్టుకొనేందుకు దగ్గరలో పనీ, కష్టకాలంలో అప్పూ దొరకాలి. ఆ పని గీతలు గీసే వాస్తుశిల్పి ఒక్కడివల్ల అయ్యేది కాదు.

అయినా అరణ్య చెప్పిన మాట చెడలేదు. గదులు గృహస్థు కట్టుకోగలడు. వీధి, మంచినీటి గొట్టం, మురుగుపోయే దారి ఏ గృహస్థూ ఒంటరిగా వేసుకోలేడు. వీటిని నగరం ముందు వేస్తే ఇండ్లు వాటి వెంట వస్తాయి. ఇండ్లు ముందు లేచి ఇవి తరువాత రావలసివస్తే, కట్టిన గోడలనే పగలగొట్టవలసి వస్తుంది. ఆ కష్టం ఎంతటిదో వానాకాలంలో మన పేటలు చాలా వాటికి తెలుసు. కనుక పిల్లలకు కొత్త లేఅవుట్‌లో స్థలం చూడబోయే తల్లిదండ్రులు గుమ్మం ఏ దిక్కునకు ఉన్నదో చూడక మానరు. దానితోబాటు వాననీరు ఎటు పోతుందో, కాలువ ఎక్కడ కలుస్తుందో, రేపు ఒక గది పెంచుకోవడానికి చోటున్నదో లేదో కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.