ఓడ ఖర్చు ఎవరిది?

ఆ మధ్య మా రాజాంలో తొమ్మిదో తరగతి పిల్లలకు మన్యం తిరుగుబాటు గురించి చెబుతూ, సీతారామరాజు అనుచరులకు ద్వీపాంతరవాస శిక్షలు పడ్డాయన్నాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "ఓడ ఖర్చు ఎవులు పెట్టుకుంతారు మాస్టారూ?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. కాని అది నవ్వి తోసేయవలసిన ప్రశ్న కాదు. ఊళ్లో జైళ్లుండగా నేరస్థుణ్ణి తిండి పెట్టి, కాపలా పెట్టి, సముద్రాలు దాటించడం ప్రభుత్వానికి దేనికి?

జవాబు బ్రిటన్ చరిత్రలోనే ఉంది. అంతకుముందు తన ఖైదీలను అమెరికా వలసలకు పంపుతుండేది. ఆ వలసలు స్వతంత్రం పొందాక ఆస్ట్రేలియా వైపు చూసింది. 1788 నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మంది స్త్రీ పురుషులను అక్కడికి చేరవేసింది. వారిలో ఎక్కువమంది చిల్లర దొంగతనాలు చేసిన పేదలు. దొంగతనం కూడా చేయనివారున్నారు. 1834లో టోల్‌పడిల్ గ్రామంలో ఆరుగురు వ్యవసాయ కూలీలు, వారానికి ఏడు షిల్లింగుల కూలి ఆరుకు దిగజారబోతుంటే సంఘం పెట్టుకున్నారు. రహస్య ప్రమాణం చేశారన్న నేరం మోపి ఏడేళ్ల ద్వీపాంతరవాసం విధించారు. శ్రామికులు పెద్ద ఎత్తున ఆందోళన చేస్తే 1836లో క్షమాభిక్ష వచ్చింది.

ఖైదీలు అక్కడ రోడ్లు వేశారు, రాళ్లు కొట్టారు, భూస్వాముల పొలాల్లో తిండికీ బట్టకీ చాకిరీ చేశారు. నేల ఆదివాసులది, దున్నింది ఖైదీ, పట్టా మాత్రం మరొకరిది. ఓడ ఖర్చు ఎక్కడ రాబట్టుకున్నారో ఇప్పుడు బోధపడుతుంది. నేరాన్ని శిక్షించడంతో పాటు, కూలి ఇవ్వనక్కరలేని శ్రమను సమకూర్చుకోవడం కూడా ఈ శిక్ష ప్రయోజనం.

ఇదే పద్ధతి మన దేశంలోనూ సాగింది. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో రెండువందల మంది ఖైదీలతో అండమాన్‌లో శిక్షా స్థావరం వెలిసింది. అడవి నరికింది ఖైదీలే. 1896-1906 మధ్య ఏడు కొమ్మల సెల్యులర్ జైలు కట్టిందీ వారే. తాము కట్టిన గోడల మధ్యనే ఎడ్ల మాదిరి గానుగ తిప్పి కొబ్బరినూనె తీశారు.

మన్యం మనిషిని నేరస్థుణ్ణి చేసింది ఏమిటి? 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని ప్రభుత్వపు ఆస్తిగా మార్చింది. తాతల నాటి పోడు తప్పయింది. రోడ్ల పనిలో గిరిజనుల చేత కూలి ఎగ్గొట్టి చాకిరీ చేయించుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగేనాటికి ఆ కడుపుమంట పాతదే.

ఆ పోరాటంలో ముందు నిలిచిన గాం సోదరులలో గంటందొర 1924లో పోరాటంలోనే మరణించాడు. మల్లుదొర పట్టుబడి, ద్వీపాంతరవాస శిక్ష అనుభవించి, తిరిగి వచ్చాడు. 1952లో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ లోక్‌సభ కాలంలోనే, 1955లో, మన శిక్షాస్మృతిలోని ద్వీపాంతరవాసాన్ని తీసివేసి యావజ్జీవ కారాగారంగా మార్చే చట్టం వచ్చింది. ఆ శిక్ష అనుభవించిన మనిషి ఆ సభలో సభ్యుడు! చరిత్రలో ఇంతటి ఘట్టం ఉండగా మన సాహిత్యం దీన్ని పట్టించుకున్నది తక్కువ.

కారణం లేకపోలేదు. తాండ్ర పాపారాయుడి కథ వింటూ పెరిగిన ఊరు మాది. నేలకొరిగిన వీరుణ్ణి గానం చేయడం మనకు తెలుసు. రాజు కథ కూడా మన పాటల్లో, బుర్రకథల్లో, తెరమీద చాలావరకు 1924 మే 7తో, కొయ్యూరు దగ్గర ముగుస్తుంది. బతికి బయటపడ్డవాడు మన వీరగాథల చట్రంలో ఇమడడు. గానుగ తిప్పిన ఏళ్లకు యుద్ధపు మెరుపు ఉండదు. కాని ప్రజల చరిత్రలో ఎక్కువ భాగం చావు కాదు, చాకిరీ. దాన్ని రాయడం అభ్యుదయ రచయిత బాధ్యత.

మర్నాడు ఆ కుర్రాడికి చెప్పాను: "ఓడ ఖర్చు ఎక్కినవాడే పెట్టుకున్నాడురా, తన ఒంటి చెమటతో." ఈసారి తరగతి నవ్వలేదు.