పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ మాత్రం కాదు

ఒక సంస్థలోని ఉద్యోగుల పేర్లను, వారి పాస్‌వర్డ్‌లను సరిచూసే ఆధారాలను, ఎవరికి ఏయే హక్కులున్నాయన్న వివరాలను ఒక్కొక్క కంప్యూటరులో విడివిడిగా ఉంచక ఒకే కేంద్ర పట్టికలో భద్రపరచి, ఎవరు ఎక్కడ లాగిన్ కాబోయినా ఆ పట్టికనే అడిగి తేల్చుకొనే ఏర్పాటును డైరెక్టరీ ఆధారిత ధ్రువీకరణ అంటారు. ఆ పట్టికను అడిగే భాష ఎల్‌డాప్. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం సాధారణ కంప్యూటర్లు మోయలేనంత బరువుగా ఉండటంతో, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్ తదితరులు దానిని తేలికపరచి 1993లో ఎల్‌డాప్‌గా వెలువరించారు. విండోస్ 2000తో మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాక్టివ్ డైరెక్టరీ కూడా ఈ భాషను అర్థం చేసుకుంటుంది.

ఉద్యోగి ఇంటి నుంచి వీపీఎన్ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా సంస్థ నెట్‌వర్క్‌కు వేసుకొన్న రహస్య దారి గుండా, ప్రవేశించేటప్పుడు డైరెక్టరీని అడిగేది చాలా సంస్థలలో అతని కంప్యూటరు కాదు, దారి మొదట కాపలా ఉన్న వీపీఎన్ గేట్‌వే. అది ముందుగా తనకు కేటాయించిన సర్వీస్ ఖాతాతో డైరెక్టరీలోకి వెళ్లి, ఆ పేరుగల వ్యక్తి ఉన్నాడా అని వెతికి, దొరికితే అతను ఇచ్చిన పాస్‌వర్డ్‌తో అతని పేరుమీద మరొకసారి లాగిన్ అయి చూస్తుంది. ఈ మూడింటిలో ఏది విఫలమైనా వినియోగదారుకు తరచుగా కనిపించేది ఒకటే వాక్యం: యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు. ఏ పేర్లు నిజంగా ఉన్నాయో దొంగలకు తెలియకూడదని ఆ సందేశాన్ని కావాలనే అస్పష్టంగా ఉంచుతారు. అయితే దానిని అక్షరాలా నమ్మి వెంటనే పాస్‌వర్డ్ మార్చేయడం చాలా చోట్ల అలవాటుగా మారింది. సర్వీస్ ఖాతా గడువే ముగిసి ఉంటే ఎందరి పాస్‌వర్డ్‌లు మార్చినా ఫలితం ఉండదు. అందుకే సమస్య ఒక్కరిదా, అందరిదా అన్నది మొదట తేల్చుకోవలసిన ప్రశ్న.

అందరిదీ అయితే సర్వీస్ ఖాతాతో పాటు అనుమానించవలసింది గేట్‌వేకూ డైరెక్టరీకీ మధ్య దారిని. గేట్‌వే నుంచి డైరెక్టరీ సర్వర్‌కు పింగ్, అంటే స్పందన ఉందా అని పంపే చిన్న పరీక్షా సందేశం, అందినంత మాత్రాన దారి బాగున్నట్టు కాదు. ఎల్‌డాప్ 389వ పోర్టు మీద, దాని సురక్షిత రూపం 636వ పోర్టు మీద నడుస్తాయి కనుక పింగ్‌ను వదిలిన ఫైర్‌వాల్ వీటిని ఆపివేయవచ్చు. సురక్షిత రూపంలో సర్టిఫికెట్ తంటా మరొకటి: దాని గడువు తీరినా, సర్టిఫికెట్‌లో సర్వర్ పేరుండగా గేట్‌వేలో ఐపీ చిరునామా మాత్రమే రాసి ఉన్నా, పాస్‌వర్డ్ దాకా వెళ్లకుండానే సంభాషణ ఆగిపోతుంది. అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన కెర్బెరోస్ ధ్రువీకరణ పద్ధతిని వాడే చోట గడియారాన్నీ చూడాలి. సర్వర్ సమయానికీ ఎదుటి యంత్రం సమయానికీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, మామూలు అమరికలో, అది ఎంత సరైన పాస్‌వర్డ్‌నైనా తిరస్కరిస్తుంది.

ఒక్కరిదే అయితే జవాబు గేట్‌వే లాగ్‌లో, అంటే అది రాసుకొనే సంఘటనల చిట్టాలో, దొరుకుతుంది. ఎల్‌డాప్ 49వ నంబరు దోషం పైకి తప్పుడు వివరాలనే చెబుతుంది గాని, యాక్టివ్ డైరెక్టరీ దాని పక్కనే మరొక సంకేతాన్ని జతచేస్తుంది. 52ఇ అంటే పాస్‌వర్డ్ నిజంగానే తప్పు, 525 అంటే ఆ పేరుతో ఎవరూ లేరు, 532 అంటే పాస్‌వర్డ్ గడువు ముగిసింది, 533 అంటే ఖాతాను నిలిపివేశారు, 775 అంటే ఖాతా లాక్ అయింది. ఈ చిన్న సంకేతాన్ని చదవకుండా గంటల తరబడి ఊహాగానాలు చేయడం వృథా శ్రమ.

దూరం నుంచి పనిచేసేవారిని ఎక్కువగా తికమకపెట్టేది రెండు పాస్‌వర్డ్‌ల స్థితి. విండోస్ ల్యాప్‌టాప్, సంస్థ సర్వర్ అందుబాటులో లేనప్పుడు కూడా తెరుచుకోవడానికి వీలుగా, మామూలు అమరికలో చివరి 10 ఖాతాల లాగిన్ గుర్తులను తనలోనే దాచుకొంటుంది. ఉద్యోగి వెబ్‌సైటు ద్వారానో హెల్ప్‌డెస్క్ ద్వారానో పాస్‌వర్డ్ మార్చుకొంటే ఆ మార్పు డైరెక్టరీకి చేరుతుంది గాని ల్యాప్‌టాప్‌కు చేరదు కనుక, తెర తెరవడానికి పాతది, వీపీఎన్‌కు కొత్తది కావలసివస్తుంది. వీపీఎన్‌లో ఉండగానే తెరను లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరిస్తే సాధారణంగా ఈ చిక్కు తీరుతుంది.

పాస్‌వర్డ్ నెగ్గినా ప్రవేశం దొరకకపోవడం మరొక రకం, అప్పుడు లోపం గుర్తింపులో కాదు, అనుమతిలో. ఫలానా గ్రూపు సభ్యులనే రానివ్వమని గేట్‌వేకు చెప్పినప్పుడు అది సాధారణంగా డైరెక్టరీలో ఆ వ్యక్తి వివరాలలోని మెంబర్ఆఫ్ అనే గడిని చూస్తుంది. ఆ గడిలో వ్యక్తి ప్రాథమిక గ్రూపు, మామూలుగా డొమైన్ యూజర్స్, కనిపించదు, గ్రూపులో గ్రూపుగా వచ్చిన సభ్యత్వమూ నేరుగా కనిపించదు కనుక, నిజంగా సభ్యులైనవారికీ ప్రవేశం దొరకకపోవచ్చు.

హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసేవారు లాగిన్ కావడం లేదని మాత్రమే చెప్పక, విఫలమైన సమయాన్ని నిమిషంతో సహా, తెరమీది సందేశాన్ని ఉన్నదున్నట్టుగా, ఇటీవల పాస్‌వర్డ్ మార్చారా లేదా అన్న సంగతిని చెప్పాలి. లాగ్‌లో సరైన వరుసను పట్టుకోవడానికి నిర్వాహకులకు ఆ మూడూ అవసరం.