లినక్స్ కంప్యూటరులో వైర్‌లెస్ కార్డును గుర్తించుట ఎట్లు?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసినది. తరువాతి తరమైన విండోస్ 11 అనేక పాత యంత్రాలను అంగీకరించదు. ఇంటిలో అన్నయ్య వాడి విడిచిన ల్యాప్‌టాపో, సెకండ్‌హ్యాండులో కొన్నదో చేతనున్న విద్యార్థులు అందువలననే లినక్స్ వైపు చూస్తున్నారు. సంతోషింపదగినదే. అయితే ఇన్‌స్టాల్ చేసిన సాయంత్రమే కొందరికి ఒక చిక్కు ఎదురవుతున్నది. తెరమీద అన్నియు ఉన్నవి, వైఫై మాత్రము లేదు. మరమ్మతు దుకాణానికి పోతే "కార్డు పోయింది, మార్చాలి" అనియో, "లినక్స్‌లో ఇది రాదు" అనియో సమాధానము వస్తుంది. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ముంచుకొని వస్తున్న విద్యార్థికి కొత్త కార్డు ఖరీదు చిన్న విషయము కాదు. జేబులోని డబ్బు తీయుటకు ముందు, ఆ కార్డు ఏదో, దానిని నడుపు డ్రైవరు ఉన్నదో లేదో మనమే తెలుసుకొనవచ్చును.

ముందుగా ఒక భేదమును గమనింపవలెను. విండోస్‌కు అలవాటుపడినవారు డ్రైవరు అనగానే తయారీదారుని సీడీనో, డౌన్‌లోడునో తలచుకుంటారు. లినక్స్‌లో డ్రైవర్లు చాలవరకు కెర్నెల్‌తోనే కలిసి వస్తాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఆ కెర్నెలే నేటికీ ఈ వ్యవస్థకు మూలము. కనుక ఇక్కడ అడుగవలసిన ప్రశ్న "డ్రైవరు ఎక్కడ దొరుకుతుంది?" అనునది కాదు, "ఉన్న డ్రైవరు ఈ కార్డును ఎందుకు పట్టుకొనలేదు?" అనునది.

ఇక పని. ఆదేశాలను మేమిక్కడ తెలుగు లిపిలో వ్రాస్తున్నాము. టెర్మినల్‌లో వాటిని ఆంగ్లపు చిన్న అక్షరాలలో టైపు చేయవలెను. ల్యాప్‌టాపు లోపలి కార్డు సాధారణంగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గముపై ఉంటుంది గనుక మొదటి ఆదేశము ఎల్‌ఎస్‌పీసీఐ. దాని తరువాత ఖాళీ విడిచి, హైఫను పెట్టి, ఎన్‌ఎన్‌కే అని చేర్చవలెను. పెద్ద జాబితా వస్తుంది. అందులో "ఈథర్‌నెట్ కంట్రోలర్" అన్న పంక్తి తీగతో పనిచేయు కార్డుది. మనకు కావలసినది "నెట్‌వర్క్ కంట్రోలర్" అన్నది. బయట గ్రుచ్చు యూఎస్‌బీ డాంగిల్ అయితే ఈ జాబితాలో కనబడదు. దానికి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అను ఆదేశము వేరుగా ఉన్నది.

ఆ పంక్తి చివర చదరపు బ్రాకెట్లలో రెండు సంఖ్యలు, నడుమ రెండు చుక్కలతో ఉంటాయి. ఈ వ్యవహారమంతటికీ అదే ఆయువుపట్టు. మొదటిది తయారీదారుని సంఖ్య: ఇంటెల్‌కు 8086 (1978లో వెలువడిన ఆ సంస్థ ప్రాసెసరు పేరే ఇది), బ్రాడ్‌కామ్‌కు 14ఈ4, రియల్‌టెక్‌కు 10ఈసీ, అథెరాస్‌కు 168సీ. రెండవది ఆ సంస్థ తన చిప్పుకు ఇచ్చుకున్న సంఖ్య. ఉర్దూలో నామ్ వేరు, పహచాన్ వేరు. ఇక్కడా అంతే. పెట్టె మీది పేరును నమ్మరాదు. టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అను డాంగిల్ మొదటి రూపములో అథెరాస్ చిప్పు ఉండగా, రెండవ రూపము నుండి రియల్‌టెక్ చిప్పు వచ్చినది. పేరు అదే, డ్రైవరు వేరు. చిప్పు పేరు కూడా ఒక్కొక్కప్పుడు భ్రమింపజేస్తుంది. బ్రాడ్‌కామ్‌లో 4312 అను సంఖ్య బీసీఎమ్4311 చిప్పుది. బీసీఎమ్4312 ఎల్‌పీ-ఫై చిప్పు సంఖ్య 4315! కావున సహాయము వెదకునప్పుడు సంఖ్యల జంటతోనే వెదకవలెను.

పంక్తి క్రింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఉంటే డ్రైవరు కార్డును పట్టుకున్నదని అర్థము. ఇంటెల్ కార్డులకు అక్కడ ఐడబ్ల్యూఎల్‌వైఫై అనియు, అథెరాస్ వారి పలు కార్డులకు ఏటీహెచ్9కే అనియు కనబడుతుంది. ఆ మాటే లేకపోతే రెండు కారణాలు ముఖ్యము. కార్డు కొత్తది, కెర్నెల్ పాతది కావచ్చును. ఉదాహరణకు రియల్‌టెక్ 8852బీఈ డ్రైవరు 2023లో వెలువడిన 6.2 కెర్నెల్‌తో వచ్చినది. అంతకు ముందరి కెర్నెల్‌కు ఆ కార్డు తెలియదు. మీ కెర్నెల్ సంఖ్యను యూనేమ్ హైఫను ఆర్ తెలుపుతుంది. లేదా ఆ డ్రైవరు కెర్నెల్‌కు వెలుపలిది కావచ్చును. అసలు కార్డు పంక్తియే జాబితాలో లేకపోతే మాత్రము, బయాస్‌లో ఆపివేయబడినదో, కార్డు తన చోటులో వదులైనదో చూడవలెను. దుకాణదారుని మాట నమ్మదగినది కావచ్చునంటే ఆ సందర్భముననే.

డ్రైవరు ఉండి కూడా వైఫై రానప్పుడు అనుమానింపవలసినది ఫర్మ్‌వేర్. ఇది కార్డులోని చిన్న ప్రాసెసరు నడుచుటకు కావలసిన ఫైలు; డ్రైవరు దానిని ప్రతిసారి కార్డులోనికి ఎక్కిస్తుంది. సుడో డీమెసేజ్ (డీఎమ్ఈఎస్‌జీ అని టైపు చేయవలెను) అను ఆదేశము కెర్నెల్ మాటలను చూపుతుంది. అందులో ఫర్మ్‌వేర్ ఫైలు పేరు, వెంబడి మైనస్ 2 అను దోషసంఖ్య కనబడితే "ఆ పేరు గల ఫైలు లేదు" అని తాత్పర్యము. కార్డు చెడిపోలేదు; ఒక్క ఫైలు కొరవడినది. డెబియన్ వారు పూర్వము స్వేచ్ఛా నియమాల దృష్ట్యా ఇట్టి ఫైళ్లను అధికారిక ఇన్‌స్టాల్ ప్రతిలో చేర్చేవారు కారు. 2022లో సభ్యుల ఓటింగు జరిగి, 2023లో వచ్చిన డెబియన్ 12 నుండి చేరుస్తున్నారు. నియమనిష్ఠ గొప్పదే గాని, ఈ నిర్ణయము విద్యార్థులకు మేలు చేసినదనుటలో మాకు సందేహము లేదు.

బ్రాడ్‌కామ్ కథ మరొకటి. ఆ సంస్థ వివరాలు వెల్లడింపని కాలములో, కొందరు ప్రోగ్రామర్లు దాని డ్రైవరు నడకను పరిశీలించి, తామే బీ43 అను డ్రైవరును వ్రాసుకొనిరి. అది 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌లో చేరినది. 2010లో సంస్థయే కొన్ని చిప్పులకు బహిరంగ డ్రైవరు విడుదల చేసినది. పాత బ్రాడ్‌కామ్ కార్డులకు నేటికీ ఫర్మ్‌వేర్‌ను వేరుగా తెచ్చుకొనవలసి ఉంటుంది.

తెచ్చుటకు ఇంటర్నెట్ కావలెను. ఇంటర్నెట్‌కు ఆ ఫైలు కావలెను. పెండ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెండ్లి కుదరదన్నట్లున్నది కదా! మార్గము సులభమే. ఫోనును కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ తెరిస్తే, లినక్స్ దానిని తీగ నెట్‌వర్కుగా భావించి వెంటనే పనిచేయిస్తుంది.

మరి కొన్ని రియల్‌టెక్ డాంగిళ్లు, విండోస్ డ్రైవరును లోపలనే మోసుకొని, మొదట సీడీ రూపములో కనబడతాయి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 0బీడీఏ, 1ఏ2బీ అను జంట కనబడితే అట్టిదే. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అను సాధనముతో దానిని వైఫై రూపమునకు మార్చవలెను.

అన్నియు సక్రమముగా ఉండి కూడా వైఫై మూగగా ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని అడుగవలెను. "సాఫ్ట్ బ్లాక్డ్" ఎదుట యెస్ ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే చాలును. "హార్డ్ బ్లాక్డ్" ఎదుట ఉంటే ఏ ఆదేశమూ పనిచేయదు. ల్యాప్‌టాపు ప్రక్కనున్న చిన్న మీటనో, కీబోర్డు మీది విమానము గుర్తు మీటనో వెదకవలెను.

ఇంతవరకు చేసి కూడా సాగని విద్యార్థులు మా వద్దకు రావచ్చును. వచ్చునప్పుడు సంఖ్యల జంట, డ్రైవరు పేరు, కెర్నెల్ సంఖ్య, డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ గురించిన పంక్తి, ఈ నాలుగూ కాగితముపై వ్రాసుకొని రావలెను. ల్యాప్‌టాపు తేకపోయినను ఫరవాలేదు.