కందివేరునకు కాపరులు

కందిచేను పూతకు వచ్చినవేళ గట్టుమీద నిలిచి చూచు రైతునకు కడుపు నిండిపోవును. వారము తిరుగకమునుపే అక్కడొకటి, ఇక్కడొకటిగా మొక్కలు వాడి తలలు వ్రేలవేయును. నేలలో పదను ఉన్నది. అయినను మొక్క నీరందనిదానివలె ఎండును. దానిని పెరికి కాండమును నిలువున చీల్చి చూడుడు. నీరెక్కు నాళములు నల్లబారి యుండును. ఇదియే ఎండు తెగులు. దీనికి మూలమైన బూజునకు 1910లో ఫ్యుజేరియం ఉడం అని పేరిడినవాడు, ఆనాడు మన దేశమున పనిచేయుచుండిన ఇ. జె. బట్లర్.

పైరు కోసిన పిదపకూడ ఈ బూజు మోళ్లలో, వేళ్ల ముక్కలలో ఏండ్ల తరబడి దాగియుండును. చేనంతటికి మందు పోయుట ఎవరి తరము? (విషమునకును ఔషధమునకును మనము 'మందు' అను ఒక్కమాటయే వాడుచుండుట చిత్రము.) కావున శాస్త్రజ్ఞులు నేలను విడిచి విత్తనమును పట్టుకొనిరి.

మట్టిలో బూజులకు పగవారైన సూక్ష్మజీవులును గలవు. వానిలో పేరుగన్నది సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ అను బాక్టీరియా. అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరయునట్టి పదార్థ మొకటి అది స్రవించును. ఆ మెరపే దాని ఆయుధము. నేలలో ఇనుమున్నను కరగి వేరునకు అందునది అత్యల్పము. ఆ కొంచెమును ఈ పదార్థము పట్టి బాక్టీరియాకు చేర్చగా, బూజు ఇనుము కరవై కృశించును. 1980లో కాలిఫోర్నియాలో క్లోపర్ మొదలగువారు ఈ సంగతిని 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. ఈ జాతిలో కొన్ని బూజును చంపు రసములనుకూడ తయారుచేయును.

కోయంబత్తూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఈ బాక్టీరియాను మెత్తని టాల్కుపొడిలో కలిపిరి. కిలో విత్తనములకు పది గ్రాముల పొడి చాలును. గింజలను కొలదిగా తడిపి, పొడి పట్టించి, నీడన ఆరబెట్టి విత్తవలెను. ఎండ తగిలినచో ప్రాణులు చచ్చును. మొలకతోపాటు అవియు వేరువెంట ప్రాకి, వేరు ఊరించు చక్కెరలను తిని పెరుగును.

రైతు మోసపోవునది ఇచ్చటనే. పొట్లములోని ప్రాణులు బ్రతికియున్నవో లేదో కంటికి తెలియదు. గడువు దాటినదానిలో మిగులునది వట్టి పొడియే కావచ్చును. ఎండిపోవుచున్న మొక్కను ఇది బ్రతికింపజాలదు. పంట మార్చుట, మోళ్లు పెరికి కాల్చుట దీనివలన తప్పిపోవు పనులు కావు. కందిలో జొన్న కలిపి విత్తుట మన పెద్దల వాడుక. అట్లు వేసినచోట ఎండు తెగులు తగ్గుచున్నదని పటాన్‌చెరువు ఇక్రిశాట్ వారి పరీక్షలలోను తేలినది.